గాలికి కూలిన పనస మానును గుమ్మాలకు పనికొచ్చే కలపగా మార్చుకోవడం

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గరి మీ పెరట్లో తాతగారు నాటిన పనస చెట్టు మూడు వారాల క్రితం గాలివానకు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత 66 అంగుళాలు, మొదటి కొమ్మ వరకు నిటారుగా ఉన్న భాగం సుమారు 9 అడుగులు. దానితో కొత్త ఇంటికి సింహద్వారం, మిగిలితే పూజగదికి గుమ్మం చేయించుకోవాలని మీ కోరిక. మిల్లు యజమాని వెంటనే కోయించి ఎండలో ఆరబెట్టమంటున్నారు, మీ మేనమామగారు ఆరు నెలలు చెరువులో నానబెట్టమంటున్నారు, ఒక వ్యాపారి మాత్రం మొత్తం మానును వంటచెరకు ధరకు ఇచ్చేయమంటున్నాడు. మొదటి ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది, మూడో మాటను మాత్రం పూర్తిగా పక్కన పెట్టండి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు లెక్కకు మించి నేలకొరిగాయి. నేను చూసిన తోటల్లో మంచి చేవ ఉన్న పనస దుంగలు ఏం చేయాలో తెలియకనే పొయ్యిల్లోకి పోయాయి.

ముందుగా జాగ్రత్త మాట. వేళ్ళతో సహా పడిన చెట్టును కోయడం నిలబడి ఉన్న చెట్టును కొట్టడం కంటే ప్రమాదకరం. మాను బరువే వేళ్ళ గడ్డను పక్కకు ఎత్తి పట్టుకుని ఉంటుంది కాబట్టి, మొదలు దగ్గర మానును తెగ్గోయగానే ఆ గడ్డ ఒక్కసారిగా వెనక్కి లేచి గోతిలో కూర్చుంటుంది. కోత జరుగుతున్నప్పుడు ఆ గోతిలోకి పిల్లలుగానీ పశువులుగానీ దిగకుండా ఒక మనిషిని కాపలా పెట్టండి. మాను కొమ్మల మీద ఆని, నడుమ నేలకు తగలకుండా ఉంటే దాని అడుగుభాగం సాగి, పైభాగం నొక్కుకుని ఉంటుంది. పైనుంచి ఒక్క కోతతో లోపలికి వెళితే రంపం బిగుసుకుపోతుంది, లేదంటే చివరి రెండు అంగుళాలు తెగక ముందే మాను నిలువునా చీలిపోతుంది. ఆ చీలిక రెండు మూడు అడుగుల దాకా పాకితే మీకు గుమ్మం పొడవు దొరకదు. అందుకే కోసే చోటుకు రెండు వైపులా దిమ్మెలు ఎత్తుపెట్టి, పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి కోయమని చెప్పండి.

అనుమతి సంగతి కూడా ముందే చూసుకోవాలి. చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అవసరం, కలప రవాణాకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు ఉన్నాయి. పడిన చెట్టుకు వేళ్ళు కనబడేలా ఫొటోలు తీసి, అర్జీతో పాటు అటవీ రేంజి కార్యాలయంలో చూపించి, మీ జిల్లాలో పనస దుంగకు రవాణా పర్మిట్ కావాలో వద్దో అడిగి తెలుసుకున్నాకే ట్రాక్టరు పిలవండి. దారిలో బండిని ఆపితే పోయేది డబ్బు మాత్రమే కాదు, దుంగ ఎండలో పడి ఉండే రోజులు కూడా.

వేళ్ళలో కొన్ని ఇంకా మట్టిలోనే ఉన్నాయని రాశారు, అది మీకు కలిసొచ్చే సంగతి. మాను తెగనంతవరకు లోపలి తేమ చివరల నుంచి పోదు, పగుళ్ళూ రావు. మిల్లులో తేదీ ఖాయం చేసుకునేదాకా మానును ముక్కలు చేయకండి. ముక్క చేసిన రోజే, వీలైతే గంటల్లోనే, దుంగ రెండు చివరలకూ మందంగా పూత వేయండి. కరిగించిన మైనం అన్నిటికంటే మంచిది. అది దొరక్కపోతే మిగిలిపోయిన ఆయిల్ పెయింటు రెండు పూతలు సరిపోతుంది. పేడా బంకమన్నూ కలిపి మెత్తే పాత పద్ధతి కూడా కొంత మేలే చేస్తుంది, కాకపోతే అది ఎండి రాలిపోతుంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ మెత్తాలి. చెక్కలో నీళ్ళు నడిచే సన్నటి గొట్టాలన్నీ నిలువుగా ఉంటాయి కనుక అడ్డకోత ముఖం నుంచి తేమ పక్కల నుంచి కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. చివర ముందుగా కుంచించుకుపోయి, లోపలి భాగం ఇంకా ఉబ్బే ఉండటం వల్ల నెర్రెలు పడతాయి.

ఇప్పుడు లెక్క. మిల్లుల్లో దుంగను కొలిచే తీరు ఒకటే: నడిమధ్య చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగిస్తారు. మీ మానులో 8 అడుగుల దుంగ తీస్తే 66ను నాలుగుతో భాగించగా 16.5, దాని వర్గం 272.25, దాన్ని 8తో గుణించి 144తో భాగిస్తే 15 ఘనపుటడుగుల పైచిలుకు వస్తుంది. అసలు ఘనపరిమాణం 19 దాటుతుంది; ఈ లెక్క ఎప్పుడూ నూటికి 78 పాళ్ళే చూపిస్తుంది, బెరడూ అంచుల తరుగూ పోను ఉండేది అంతే అని వ్యాపారం ఒప్పుకున్న కొలత అది. కోత కూలి ఈ లెక్కమీదే కడతారు కాబట్టి టేపు మీరే పట్టుకుని, బెరడు తీసేసిన చోట కొలవండి. పచ్చి దుంగ అర టన్ను అటూ ఇటూ బరువు ఉంటుంది, దాన్ని ఎత్తడానికి నలుగురు మనుషులు చాలరు.

దుంగను మిల్లు ఎక్కించే ముందు ఇంకొక ఆలోచన చేయండి. బొబ్బిలి వీణను, ముఖ్యంగా ఏకాండి వీణను, ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి ఈ పనికి పేరుపడ్డ ఊరు, నూజివీడులోనూ వీణలు తయారవుతాయి. ఆ పనివారికి కావలసింది ముడులూ బొరియలూ లేని, నార తిన్నగా ఉన్న గుండ్రటి దుంగ. పలకలుగా కోసేశాక అది వాళ్ళకు ఎందుకూ పనికిరాదు. మీకు గుమ్మమే ముఖ్యమని రాశారు కాబట్టి నేను అమ్మమని చెప్పడం లేదు. అయితే మొదటి కొమ్మకు పైన లావుగా, తిన్నగా ఉన్న భాగం ఏదైనా ఉంటే, ఫొటోలు తీసి వాళ్ళకు చూపించి ధర అడిగితే వంటచెరకు వ్యాపారి చెప్పిన మాట ఎంత చౌకదో తెలుస్తుంది.

పెరటి చెట్లతో ఇంకో చిక్కు ఇనుము. ఉయ్యాల కొక్కెం, బట్టలారేసే తీగ, ఎప్పుడో కొట్టిన మేకు, వీటిని చెట్టు ఏళ్ళ తరబడి తనలోకి మింగేస్తుంది, పైకి బెరడు మీద చిన్న మడత మాత్రమే కనబడుతుంది. మిల్లులోని బ్యాండ్ సా (పట్టీ రంపం) బ్లేడు ఒక్క మేకుకు తగిలితే పళ్ళు పోతాయి, కొన్నిసార్లు బ్లేడే తెగుతుంది. అందుకే పెరటి దుంగ అనగానే మిల్లువాళ్ళు ముఖం తిప్పుకుంటారు. దుంగ మీద ఆరడుగుల ఎత్తు లోపు ఉన్న భాగాన్ని జాగ్రత్తగా చూడండి, చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టరు అద్దెకు దొరికితే ఒకసారి తిప్పండి. అడ్డకోత ముఖంలో నీలి నలుపు చార కనిపిస్తే ఆ వరుసలో ఎక్కడో ఇనుము ఉందని అర్థం. బ్లేడు పోతే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది.

కోత తీరు విషయంలో మీరు మిల్లులో పక్కన నిలబడాలి. మిల్లువారికి వదిలేస్తే వారికి సులువైన పద్ధతిలో దుంగను ఒక పక్కనుంచి మొదలుపెట్టి వరుసగా పలకలు కోసుకుంటూ పోతారు, లేదా నట్టనడుమ నుంచి రెండు బద్దలు చేస్తారు. గుమ్మానికి ఆ రెండూ మంచివి కావు. పనసలో మూడు భాగాలు గుర్తుపట్టాలి: బెరడు కింద వేలెడు రెండు వేళ్ళ మందాన ఉండే పాలిపోయిన తెల్లచెక్క, దాని లోపల పసుపుపచ్చగా మెరిసే చేవ, నడిమధ్యన పెన్సిలంత మెత్తటి బెండు. తెల్లచెక్క పురుగుకు తిండి. బెండు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి పగులు మొదలవుతుంది. మీకు కావలసింది ఈ రెంటి మధ్యన ఉన్న చేవ మాత్రమే.

మీ దుంగ అడ్డుకొలత 21 అంగుళాలు. బెరడూ తెల్లచెక్కా పోను చేవ 17 అంగుళాలు ఉంటుందనుకుందాం. బెండు సరిగ్గా మధ్యలో పడేలా 2 అంగుళాల పలక ఒకటి ముందు తీయించండి. తరవాత దానిలోంచి బెండు ఉన్న నడిమి పట్టీని చీల్చి పారేస్తే రెండు సన్నటి, నిలువు రేఖల పలకలు మిగులుతాయి. తలుపు రెక్కల నిలువు చట్టాలకు వాటికి మించినవి ఉండవు. ఆ పలకకు రెండు పక్కలా మూడున్నర అంగుళాల మందంతో ఒక్కొక్క పెద్ద పలక తీసి, ఒక్కొక్కదాన్ని ఐదున్నర అంగుళాల వెడల్పున రెండేసిగా చీలిస్తే నాలుగు కమ్మీలు, అంటే గుమ్మం చట్రానికి వాడే మందపాటి కర్రలు, వస్తాయి. రెండు నిలువు కమ్మీలకు, మూడోదాన్ని సగం చేసి పైకమ్మీకీ గడపకూ వాడితే సింహద్వారానికి సరిపోతుంది, నాలుగోది పూజగది గుమ్మానికి మిగులుతుంది. బయటి వైపు మిగిలిన భాగాల్లో ఒకటిన్నర అంగుళాల పలకలు పక్కకు రెండేసి వస్తాయి. అంతా కలిపితే 9 ఘనపుటడుగులకు కాస్త తక్కువ, అంటే కొలతలో లెక్కకట్టిన దానిలో సగానికి పైన. ఇంతకంటే ఎక్కువ వస్తుందని ఎవరైనా మాటిస్తే తెల్లచెక్కను కూడా కలిపే చెబుతున్నారని అనుకోండి.

వడ్రంగి చిత్రిక పట్టాక 5 అంగుళాలకు 3 అంగుళాలు ఉండాల్సిన కమ్మీని ఐదున్నరకు మూడున్నరగా కోయమనడం ఎక్కువనిపించవచ్చు. పచ్చి చెక్క ఎండేటప్పుడు పొడవులో దాదాపు తగ్గదు. కానీ మధ్య నుంచి బెరడు వైపుగా కొంతా, చుట్టు వెంబడి దానికి సుమారు రెట్టింపూ కుంచించుకుపోతుంది. ఈ రెండు తగ్గుదలలకూ ఉన్న తేడా వల్లనే బయటి వైపు నుంచి కోసిన వెడల్పాటి పలక విస్తరాకు దొప్పలా వంగుతుంది, నలుచదరపు కమ్మీ కొద్దిగా పక్కకు ఒరుగుతుంది. ఆ వంకర తీయడానికి చిత్రికకు చెక్క మిగలాలి. పొడవులో కూడా 7 అడుగుల కమ్మీకి 4 నుంచి 6 అంగుళాలు ఎక్కువ ఉంచండి, చివరి నెర్రెలు అక్కడితో తెగిపోతాయి.

చెట్టు ముందే ఒక వైపుకు వాలి పెరిగి ఉంటే అడ్డకోతలో బెండు మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి కనిపిస్తుంది. వాలుకు పైవైపున పెరిగిన చెక్క బిగువు పట్టి ఉంటుంది, కోసిన వెంటనే పలక విల్లులా లేవడం, చిత్రిక పట్టినా పీచులేచినట్టు ఉండటం దాని గుణం. ఆ వైపు చెక్కను గుమ్మానికి వాడకండి, పొట్టి ముక్కలుగా పీటలకో అరలకో వాడుకోండి. లావుపాటి కొమ్మలను పలకలుగా కోయించాలన్న ఆలోచన మానుకోమనడానికి కారణం కూడా ఇదే. కొమ్మ అంటేనే వాలు, అందులో తిన్నటి పలక దొరకడం అరుదు.

పనస పాలు బ్లేడుకు అంటుకుని జిగురు పేరుకుంటుంది, బ్లేడు వేడెక్కి కోత వంకర పోతుంది. బ్లేడు మీద నీళ్ళ ధార పెట్టి, నడుమ నడుమ డీజిలు గుడ్డతో తుడవమని గుర్తుచేయండి. పొట్టు కళ్ళలోకీ ఊపిరిలోకీ పోకుండా ముక్కుకు గుడ్డ కట్టుకుని నిలబడండి.

ఇక ఎండా, చెరువూ. మీ మేనమామగారు చెప్పింది పాత అనుభవం, కొట్టిపారేయదగ్గది కాదు. దుంగను మంచినీటిలో పూర్తిగా ముంచి ఉంచితే చివరలు పగలవు, చెక్కలోని చక్కెరా పిండిపదార్థమూ కొంత కరిగిపోయి పుచ్చు పురుగుకు ఆకర్షణ తగ్గుతుంది. కోత వెంటనే వీలు కాకపోతే దుంగను దాచుకోవడానికి అది మంచి మార్గం. అయితే నీటిలో ఉన్నంతకాలం చెక్క ఎండదు, బయటికి తీశాక ఎండాల్సిన కాలం తీసుకునే తీరుతుంది. సగం మునిగి సగం తేలే దుంగకు మాత్రం రెండు విధాలా నష్టం, నీటిగీత దగ్గర కుళ్ళు పడుతుంది. మీది సముద్ర తీరం కాబట్టి ఇంకొక మాట: ఉప్పునీటి కయ్యలో ముంచకండి, ఉప్పు పట్టిన చెక్క వానాకాలంలో చెమ్మగిల్లుతూ మేకులనూ బందులనూ తుప్పు పట్టిస్తుంది. మీకు మిల్లు అందుబాటులోనే ఉంది కాబట్టి నానబెట్టే అవసరం లేదు. మిల్లు యజమాని చెప్పినట్టు వెంటనే కోయించడం సరైనదే, ఎండలో ఆరబెట్టడం మాత్రం కాదు. మూడున్నర అంగుళాల పచ్చి కమ్మీని వైశాఖపు ఎండలో పడేస్తే పైపొర వారంలో ఎండి బిగుస్తుంది, లోపల తేమ అలాగే ఉంటుంది, ఆ బిగువుకు ముఖం మీద నిలువునా నెర్రెలు విచ్చుకుంటాయి. అవి మళ్ళీ పూడవు.

కోసిన రోజే పురుగు మందు పెట్టడం తేలిక, ఎందుకంటే పచ్చి చెక్కలోని తేమే మందును లోపలికి లాగుతుంది. 10 లీటర్ల గోరువెచ్చని నీటిలో 600 గ్రాముల బోరాక్సు, 400 గ్రాముల బోరిక్ ఆసిడ్ కరిగించి, పలకలన్నిటికీ అన్ని వైపులా తడిసేలా బ్రష్షుతో రెండు మూడు సార్లు పట్టించి, దగ్గరగా పేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి రెండు వారాలు ఉంచండి. చేవకు ఈ మందు అంతగా అవసరం లేదు, చెదలు దాన్ని తేలికగా ముట్టవు. కానీ అంచుల్లో ఎంత జాగ్రత్తపడ్డా తెల్లచెక్క కొంత మిగులుతుంది, సన్నటి పిండిలా రాలే పుచ్చు అక్కడే మొదలవుతుంది. మందు కలిపిన తొట్టిలో పశువులు మూతి పెట్టకుండా చూడండి, ఆ తర్వాత కలపను వానలో తడవనివ్వకండి, ఈ మందు నీళ్ళకు కొట్టుకుపోతుంది.

పేర్పు మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. గాలి ఆడే పాకలోనో, రేకుల చావడిలోనో నేలకు అడుగున్నర ఎత్తున ఇటుకల దిమ్మెలు కట్టి, వాటి తలాలు ఒకే మట్టంలో ఉండేలా తాడు పట్టి సరిచూడండి. ఒక వరుస పలకలు పరిచి, వాటి మీద అంగుళం మందం గల ఎండు పట్టీలు అడుగున్నరకొకటి చొప్పున అడ్డంగా పెట్టి, మళ్ళీ పలకలు పరచండి. పట్టీలన్నీ పైనుంచి కిందికి ఒకే నిలువు వరుసలో, కింది దిమ్మెల మీదికే రావాలి. ఒక్క పట్టీ పక్కకు జరిగినా దాని మీది బరువు కింది పలకను వంచుతుంది, ఆ వంపుతోనే అది ఎండిపోతుంది. చివరి పట్టీలు సరిగ్గా పలక కొసల దగ్గర ఉండాలి. పట్టీలకు పచ్చి కర్ర వాడితే ఆ చోటల్లా మచ్చ పడుతుంది. బరువైన కమ్మీలు అడుగునా, సన్నటి పలకలు పైనా పేర్చి, అన్నిటిపైన సిమెంటు దిమ్మెలో బండరాళ్ళో బరువు పెట్టండి. మొదటి నెలన్నర పాటు పడమటి ఎండా వడగాలీ నేరుగా తగలకుండా గోనెపట్టాలు వేలాడదీసి, తర్వాత తీసేయండి.

ఎప్పటికి ఎండుతుంది అన్నది మీ అసలు ప్రశ్న. అంగుళం మందానికి ఏడాది అనే లెక్క పాతది, మన వాతావరణంలో సన్నటి పలకలకు అంత కాలం పట్టదు, ఒకటిన్నర అంగుళాల పలకలు ఒక ఎండాకాలం పూర్తిగా గడిస్తే దాదాపు సిద్ధమవుతాయి. మూడున్నర అంగుళాల కమ్మీలకు మాత్రం ఏడాదిన్నర ఉంచమనే నా సలహా. ఊహ మీద ఆధారపడే పనిలేదు. ఒక కమ్మీతో పాటే కోసిన రెండడుగుల ముక్క చివరలకు మైనం పూసి, పేర్పులోనే ఉంచి, నెలకొకసారి కిరాణా కొట్టు త్రాసు మీద తూచి పుస్తకంలో రాసుకోండి. మొదట్లో గబగబా తగ్గే బరువు క్రమంగా నెమ్మదిస్తుంది. ఎండాకాలంలో కూడా రెండు నెలలు వరుసగా బరువు మారకపోతే చెక్క గాలితో సమతూకానికి వచ్చిందన్నమాట. ఖచ్చితమైన అంకె కావాలంటే ముక్క మధ్య నుంచి చిన్న బిళ్ళ కోసి తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టి మళ్ళీ తూచండి. 230 గ్రాములది 200 అయితే పోయిన 30ని 200తో భాగించగా 15 శాతం తేమ. మీ తీరంలో గాలికి ఎండిన చెక్క సుమారుగా అక్కడే ఆగుతుంది.

ఇల్లు కవిటిలోనే కడుతుంటే అది చాలు. హైదరాబాదులో కడుతుంటే చాలదు, అక్కడి వేసవి గాలి ఇంకా పొడిగా ఉంటుంది, తలుపు రెక్కలు అక్కడికి వెళ్ళాక మళ్ళీ కుంచించుకుని సందులు విడతాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 287 గాలిలోని తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విడదీసి, ఒక్కో చోట తలుపులకూ కిటికీలకూ వేర్వేరు తేమ హద్దులు చెప్పడానికి కారణం ఇదే. అలాంటప్పుడు పలకలను చిత్రిక పట్టే ముందు కొన్ని వారాల పాటు ఆ ఇంట్లోనే పేర్చి ఉంచాలి, లేదా సీజనింగ్ కిల్న్ (వేడిగాలితో కలపను ఆరబెట్టే గది) ఉన్న చోట చివరి విడత ఆరబెట్టించాలి. పచ్చి కమ్మీలను నేరుగా కిల్న్‌లో పెట్టమని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి. ముందు సగమైనా నీడన ఎండాలి.

గృహప్రవేశానికి పది నెలలే ఉందని రాశారు. ఆ గడువులో రెక్కల పలకలు ఎండుతాయిగానీ గుమ్మం కమ్మీలు ఎండవు. నా మాట వింటే, గోడల్లో సింహద్వారం చోటు కొలతకు వదిలేసి, తాత్కాలికంగా ఏదో ఒక తలుపు బిగించుకుని ఇంట్లో చేరండి, పనస గుమ్మాన్ని తర్వాత మేకులతో కాకుండా బోల్టులతో నిలబెట్టించుకోండి. ముహూర్తం కోసం పచ్చి కమ్మీలతో గుమ్మం నిలబెడితే రెండో వేసవికి మూలల్లో కీళ్ళు విడిపోతాయి, తలుపు గొళ్ళెం గూట్లో పడదు.

గుమ్మం సిద్ధమయ్యాక వడ్రంగి రంగు వేద్దామంటే వద్దనండి. కోసినప్పుడు పసుపు కొమ్ములా ఉండే చేవ వెలుతురు తగిలే కొద్దీ తేనె రంగుకూ, ఆ పైన గోధుమ రంగుకూ దానంతటదే తిరుగుతుంది. బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు పసుపు అద్దకానికి ఈ చెక్క పొట్టునే వాడేవారు. నూనె పూతో, రంగులేని పాలిషో చాలు. గోడకు ఆనుకునే వెనక వైపుకు మాత్రం, గడప అడుగుకు కూడా, నిలబెట్టే ముందే తారు పూత రెండు సార్లు వేయించండి. సిమెంటు నుంచి వచ్చే చెమ్మ చేవలోకి దిగకుండా అదే ఆపుతుంది.